వాయించనేరని వాద్యశిల్పి
గిటారు వాయించనేరని వ్యక్తి గిటారు చరిత్రనే మార్చాడంటే వింతగా తోచవచ్చు. 1909లో కాలిఫోర్నియాలో జన్మించిన లియో ఫెండర్ బాల్యంలోనే ఒక కన్ను కోల్పోయారు. లెక్కలు వ్రాసే ఉద్యోగం పోగా, రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టారు. 1951 నాటి ఆయన బేస్ గిటారులో పికప్ ఒక్కటే. అయస్కాంతాల చుట్టూ చుట్టిన సన్నని రాగితీగ. తంత్రుల కంపనంతోపాటు పరిసరాల విద్యుత్ రొదనూ అది గ్రహించేది. 1957లో దానిని రెండు చుట్టలుగా విభజించి, ధ్రువాలు తారుమారు చేసి, ఎదురెదురుగా కలిపారు. రొద రద్దయింది, నాదం నిలిచింది. నేడు పికప్ మార్చేవారు ఆ కలయికలో పొరబడితే రొద మళ్ళీ వినవస్తుంది!

అనారోగ్యపీడితుడై 1965లో సంస్థను అమ్మివేశారు. పిదప జబ్బు నయమైంది. పేరు మాత్రం పరులదైపోయింది. వేరే పేర్లతో వాద్యాలు నిర్మిస్తూ 1991లో కన్నుమూశారు.