వాన మీద రాసిన సుల్తాన్

చార్మినార్ కట్టించింది ఎవరంటే మహమ్మద్ కులీ కుతుబ్ షా అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన వాన మీద, చలి మీద, పండ్ల మీద, కూరగాయల మీద కూడా కవితలు రాశాడని మాత్రం నాకు ఇంజనీరింగ్‌కి వచ్చేదాకా తెలీదు. తెలిశాక పాతబస్తీకి వెళ్లినప్పుడల్లా ఆయనే గుర్తొస్తున్నాడు.

1580లో తండ్రి ఇబ్రహీం చనిపోతే, సుమారు పదిహేనేళ్లకే గద్దె ఎక్కాడు. మనం టెన్త్ పరీక్షలు రాసే వయసు. ఆ ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించి, వాళ్లచేత మల్కిభరాముడు అని పిలిపించుకున్న సుల్తాన్. అలాంటి ఇంట్లో పెరిగిన కులీకి మన మాటలు కొత్త కాదు. రాసింది దక్కనీలో. అయినా తొలకరికి ఆయన వాడిన పేరు మిర్గ్, అంటే మన మృగశిర కార్తే!

అప్పట్లో గోల్కొండ జనంతో ఇరుకైపోయింది, నీళ్లకు కటకట. ప్లేగు కూడా వచ్చిందని, అది తగ్గినందుకే చార్మినార్ కట్టించాడని ఒక కథ ఉంది. చరిత్రకారులంతా దాన్ని ఒప్పుకోరు. 1591లో మూసీకి ఇవతల కొత్త నగరం మొదలైందన్నది మాత్రం నిజం. మంత్రి మీర్ మోమిన్ ప్లాన్ గీశాడు. నడిమధ్యన చార్మినార్, నాలుగు వైపులా నాలుగు రోడ్లు. 1595లో దారుల్‌షిఫా ఆసుపత్రి కట్టించాడు. అక్కడ రోగులకు వైద్యం చేసేవాళ్లు, వైద్యం నేర్పేవాళ్లు కూడా. ఆ పేరు ఇప్పటికీ మన సిటీ బస్సుల మీద తిరుగుతోంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. నగరం కట్టేటప్పుడే జబ్బు గురించి, చావు గురించి లెక్క వేసుకున్న మనిషి ఈయన. గోల్కొండ పక్కన, తన వంశం వాళ్ల సమాధుల మధ్యే ఈయన గోరీ కూడా ఉంది. అన్నిట్లోకీ గొప్పది అదే. పైన కనిపించే రాయి గుర్తుకే, అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంటుంది. మొహర్రం వచ్చిందంటే పాటలు, విందులు ఆపేసి నల్లబట్టలు కట్టేవాడట. బాద్‌షాహీ అషూర్‌ఖానా ఆయన కట్టించిందే. విషాద గీతాలు కూడా రాశాడు.

అదే చేత్తో వసంతం, ఈద్, తొలి వాన, చలికాలం, ఆటలు, తిండి గురించి రాశాడు. చావు సంగతి తెలీక సరదాగా ఉన్నవాడు కాదు, తెలిసే ఉన్నాడు. పుట్టినవాడు పోక తప్పదని ఏడుస్తూ కూర్చోలేదు. అన్నీ సెట్ అయ్యాక బతుకుదాం అని వాయిదా కూడా వేయలేదు. మనమేమో సెమిస్టర్ అయ్యాక, ప్లేస్‌మెంట్ అయ్యాక, ఆన్‌సైట్ అయ్యాక అని అనుకుంటూనే ఉంటాం కదా!

1612లో పోయాడు. నలభై ఏడేళ్లు కూడా నిండలేదు. కొడుకులు లేరు, ఒక్కతే కూతురు, హయాత్ బక్షీ బేగం. ఆమె భర్త, కులీకి అన్నదమ్ముల బిడ్డ అయిన సుల్తాన్ మహమ్మద్ గద్దె ఎక్కాడు. మామ కవితలన్నీ 1616లో ఒకచోట చేర్పించింది ఆయనే. ఉర్దూ సాహిత్యంలో మొదటి పెద్ద సంకలనాల్లో దాన్ని లెక్కిస్తారు.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. కులీ కట్టించిన మహళ్లు ఒక్కొక్కటే పోయాయి. ఖుదాదాద్ మహల్ ఎన్నో అంతస్తులదని పుస్తకాల్లో చదువుకోవడమే, చూడటానికి గోడ కూడా లేదు. కాగితం మీద రాసుకున్న వాన మాత్రం మిగిలింది. సివిల్ బ్రాంచి వాళ్లు కోప్పడొద్దు, గ్రానైట్ కంటే కాగితం గట్టిదని నేననట్లేదు. చార్మినార్ కూడా నిలబడే ఉంది. కాకపోతే కోటలు కట్టే అదృష్టం అందరికీ ఉండదు. తడిసిన మట్టి వాసన పీల్చడానికి, చలిపొద్దున వేడి చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడానికి సుల్తానే కానక్కర్లేదు.

ఈసారి మిర్గ్ రోజు వాన పడితే ల్యాబ్ రికార్డు ఒక్క పది నిమిషాలు పక్కన పెట్టండి. కారిడార్‌లో నిలబడి చూడండి, చాలు.