కాగితంపైనే సినిమా పూర్తిచేసిన తాడిపత్రి దర్శకుడు

తాడిపత్రి: కెమెరా కదలకముందే చిత్రాన్ని కాగితంపై సిద్ధం చేసుకున్న దర్శకునిగా కె.వి.రెడ్డి తెలుగు సినీచరిత్రలో నిలిచిపోయారు. కదిరి వెంకటరెడ్డి 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. వాహినీ సంస్థలో పనిచేసి, 1943లో విడుదలైన 'భక్త పోతన'తో దర్శకుడయ్యారు.

రచయిత పింగళి నాగేంద్రరావు తదితరులతో కూలంకషంగా చర్చించాకే ఆయన స్క్రిప్టును ఖరారు చేసేవారు. స్టాప్‌వాచ్ చేతబట్టి ప్రతి సన్నివేశం నిడివిని ముందే లెక్కగట్టేవారు. ఖరీదైన ముడిఫిల్ము వృథా కారాదన్నది ఆయన పట్టుదల. 1957 నాటి 'మాయాబజార్'లో కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల స్కెచ్‌లు, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం ఒక్కటై మాయాలోకానికి రూపమిచ్చాయి.

అంతటి దర్శకునికీ పరాజయం తప్పలేదు. 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' ప్రేక్షకాదరణకు నోచుకోలేదు. అయినా తన పద్ధతిని వీడక 1971లో 'శ్రీకృష్ణసత్య'తో మళ్లీ విజయం సాధించారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కన్నుమూశారు.

నేడు సెల్‌ఫోన్‌తో లఘుచిత్రాలు తీయబూనే విద్యార్థులకు ఆయన జీవితమే పాఠం. బృందంగా కూర్చుని, ఒక్కో షాటును ఒక్కో గడిలో బొమ్మగా గీసి, పక్కనే నిడివి రాసుకుంటే కాలం, ధనం రెండూ ఆదా అవుతాయి. అభిప్రాయభేదాలు చిత్రీకరణ స్థలంలో కాక కాగితంపైనే తీరిపోతాయి.