స్టీఫెన్ కోల్ క్లేనీ

స్టీఫెన్ కోల్ క్లేనీ (జనవరి 5, 1909 - జనవరి 25, 1994) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త, తర్కశాస్త్రజ్ఞుడు. యంత్రం ఏది లెక్కించగలదు, ఏది లెక్కించలేదు అన్న ప్రశ్నను పరిశీలించే గణనసాధ్యతా సిద్ధాంతానికి పునాదులు వేసిన వారిలో ఈయన ఒకడు. నేడు పెర్ల్, పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి స్క్రిప్టింగ్ భాషలలో పేర్ల జాబితాను ఒక నమూనా ప్రకారం వడగట్టడానికి వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు ఈయన 1951లో చేసిన పరిశోధన నుండి పుట్టినవే. అయితే ఆ పరిశోధన పేర్ల గురించి గానీ, జాబితాల గురించి గానీ చేసినది కాదు. మెదడులోని నాడీకణాలను పోలిన యంత్రం వేటిని గుర్తుపట్టగలదన్నదే అప్పటి ప్రశ్న.

బాల్యం, విద్యాభ్యాసం

క్లేనీ కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డ్ నగరంలో జన్మించాడు. తండ్రి గుస్తావ్ అడోల్ఫ్ క్లేనీ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. తల్లి ఆలిస్ లీనా కోల్ కవయిత్రి. మెయిన్ రాష్ట్రంలో ఉన్న కుటుంబ వ్యవసాయ క్షేత్రంతో ఈయనకు జీవితాంతం అనుబంధం ఉండేది. ఇంటిపేరును ఆంగ్లంలో వ్రాసిన తీరు చూసి చాలామంది క్లీన్ అనీ, క్లీనీ అనీ పలుకుతుంటారు. కుటుంబంలో వాడుకలో ఉన్న ఉచ్చారణ మాత్రం క్లేనీ. ఈ ఉచ్చారణ తండ్రి కల్పించినదని చెబుతారు.

ఈయన 1930లో ఆమ్‌హర్స్ట్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. తరువాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరి, అలాంజో చర్చ్ పర్యవేక్షణలో పరిశోధించి 1934లో డాక్టరేట్ పొందాడు.

ప్రిన్స్‌టన్‌లో పరిశోధన

ఆ రోజులలో చర్చ్ గణితశాస్త్రం మొత్తానికి పునాదిగా నిలువగల ఒక తర్కవ్యవస్థను నిర్మిస్తున్నాడు. అందులోని ఒక భాగమే తరువాత లాంబ్డా కాల్‌క్యులస్‌గా ప్రసిద్ధి పొందింది. ఈ పద్ధతిలో సంఖ్యలను కూడడం, హెచ్చించడం సులువుగానే సాధ్యమయింది కాని, ఒక సంఖ్యకు ముందున్న సంఖ్యను కనుగొనడం మాత్రం కొరుకుడు పడలేదు. అది అసాధ్యమేమోనని చర్చ్ కూడా భావించసాగాడు. 1932లో దంతవైద్యుని వద్ద జ్ఞానదంతాలు తీయించుకుంటున్న సమయంలో క్లేనీకి దీనికి ఉపాయం తట్టింది. లెక్కిస్తూ పోయేటప్పుడు ప్రస్తుత సంఖ్యతో పాటు దాని ముందరి సంఖ్యను కూడా వెంట తీసుకుపోవడమే ఆ ఉపాయంలోని సారాంశం.

తన సిద్ధాంత వ్యాసాన్ని క్లేనీ చర్చ్ వ్యవస్థ మీదనే నిర్మించాడు. అయితే ఆ వ్యవస్థలో పరస్పర విరుద్ధమైన ఫలితాలు వస్తాయని క్లేనీ, సహాధ్యాయి జె. బార్క్‌లీ రోసర్ కలిసి నిరూపించి 1935లో ప్రకటించారు. గురువు కట్టిన భవనమూ, దానిపై తాము వేసుకున్న అంతస్తూ ఒకేసారి కూలిపోయాయి. చెక్కుచెదరకుండా మిగిలినది లాంబ్డా కాల్‌క్యులస్ ఒక్కటే. క్లేనీ ఆ మిగిలిన భాగాన్ని పట్టుకొని ముందుకు సాగాడు. లాంబ్డా కాల్‌క్యులస్‌తో నిర్వచించగల ఫలాలు, గోడెల్ సూచించిన సాధారణ రికర్సివ్ ఫలాలు ఒకటేనని 1936లో ప్రచురించిన వ్యాసంలో చూపాడు. చర్చ్ సిద్ధాంతం అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా ఈయనే.

విస్కాన్సిన్, యుద్ధకాలం

1935లో క్లేనీ మాడిసన్ నగరంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుడిగా చేరాడు. 1938లో రికర్షన్ సిద్ధాంతాన్ని, 1943లో అంకగణిత శ్రేణి భావనను ప్రకటించాడు. 1941లో ఆమ్‌హర్స్ట్ కళాశాలకు వెళ్ళాడు కాని, రెండవ ప్రపంచయుద్ధం కారణంగా నౌకాదళంలో చేరవలసి వచ్చింది. అక్కడ న్యూయార్క్‌లో శిక్షణ పొందే అధికారులకు నౌకాయాన శాస్త్రం బోధించాడు. తరువాత వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనశాలలో పనిచేశాడు. 1946లో తిరిగి విస్కాన్సిన్ చేరి, 1948లో ఆచార్యుడై, 1979లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే కొనసాగాడు. 1969 నుండి 1974 వరకు ఆ విశ్వవిద్యాలయంలో డీన్‌గా కూడా వ్యవహరించాడు.

నాడీజాలాలు, రెగ్యులర్ ఘటనలు

1943లో వారెన్ మెకలక్, వాల్టర్ పిట్స్ నాడీకణాన్ని ఒక చిన్న తర్క పరికరంగా భావించి గణిత నమూనా రూపొందించారు. 1951 వేసవిలో కాలిఫోర్నియాలోని రాండ్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ క్లేనీ ఈ నమూనాను పరిశీలించాడు. పరిమితమైన జ్ఞాపకశక్తి గల ఇటువంటి యంత్రానికి సంకేతాలు ఒకదాని తరువాత ఒకటిగా అందుతూ ఉంటే, ఏయే వరుసలను అది గుర్తించగలదన్నది ఈయన వేసుకున్న ప్రశ్న.

దీనికి లభించిన సమాధానం ఎంతో క్లుప్తమైనది. మూడు ప్రక్రియలు చాలు. మొదటిది రెండు నమూనాలలో ఏదో ఒకటి రావడం. రెండవది ఒకదాని వెనుక మరొకటి రావడం. మూడవది ఒకే నమూనా సున్నా లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఆవృత్తి కావడం. ఈ మూడింటితో కూర్చిన ప్రతి నమూనానూ పరిమిత స్థితులు గల యంత్రం గుర్తించగలదు. అలాగే అటువంటి యంత్రం గుర్తించగల ప్రతి దానినీ ఈ మూడింటితోనే వర్ణించవచ్చు. దీనినే క్లేనీ సిద్ధాంతం అంటారు. ఆవృత్తిని సూచించడానికి ఈయన వాడిన నక్షత్రపు గుర్తు క్లేనీ స్టార్ పేరుతో ప్రసిద్ధమైనది. మొదట ఈయన దానిని రెండు నమూనాల నడుమ వ్రాసేవాడు. ఒకే నమూనా పక్కన వ్రాసే నేటి పద్ధతి తరువాతి పరిశోధకులది.

ఈ వ్యాసం 1956లో షానన్, మెకార్తీ సంపాదకత్వంలో వెలువడిన ఆటోమేటా స్టడీస్ సంపుటంలో అచ్చయింది. అందులో ఈ నమూనాలకు రెగ్యులర్ ఘటనలు అని పేరు పెట్టిన క్లేనీ, ఇంతకంటే అర్థవంతమైన పేరు ఎవరైనా సూచిస్తే స్వీకరిస్తానని కూడా వ్రాశాడు. అయినా ఆ రెగ్యులర్ అన్న మాటే స్థిరపడిపోయింది.

కంప్యూటర్లలో ప్రవేశం

1968లో కెన్ థాంప్సన్ ఈ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని, పాఠ్యంలో నమూనాను వెదకే పద్ధతిని ప్రచురించాడు. యునిక్స్‌లో 1973లో వచ్చిన గ్రెప్ అనే ఉపకరణం దీనిని సామాన్య వాడుకరులకు చేరువ చేసింది. 1987లో వెలువడిన పెర్ల్ భాషలో జాబితాను వడగట్టే ఫంక్షన్‌కు కూడా గ్రెప్ అన్న పేరే ఉంది.

ఉదాహరణకు ^రామ.*రావు$ అనే నమూనాను తీసుకుందాం. ఇందులో మొదటి గుర్తు పేరు ఆరంభాన్ని, చివరి గుర్తు పేరు ముగింపును తెలుపుతాయి. చుక్క అంటే ఏదైనా ఒక సంకేతం, దాని పక్కనున్న నక్షత్రం అంటే అటువంటివి ఎన్నయినా అని అర్థం. ఈ నమూనా జాబితా నుండి రామారావు, రామకృష్ణారావు అనే పేర్లను ఏరుతుంది, రామయ్యను వదిలివేస్తుంది. సీతారామారావు కూడా రాదు. మొదటి గుర్తును తీసివేస్తే మాత్రం వస్తుంది.

ఫైళ్ళ పేర్లను వెదికేటప్పుడు వాడే నక్షత్రానికీ, క్లేనీ నక్షత్రానికీ తేడా ఉంది. ఫైళ్ళ విషయంలో రామ* అంటే రామ అని మొదలయ్యే పేర్లన్నీ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అదే నమూనాకు రా తరువాత మ సున్నా లేదా అంతకంటే ఎక్కువ సార్లు అని అర్థం. కనుక అది రాజు అన్న పేరును కూడా పట్టుకుంటుంది. కొత్తగా నేర్చుకునే విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఇది.

పరిమితులు

క్లేనీ సిద్ధాంతం సామర్థ్యంతో పాటు హద్దును కూడా చూపుతుంది. పరిమిత జ్ఞాపకం గల యంత్రం ఎంత లోతు వరకైనా ఒకదానిలో ఒకటి ఇమిడిన కుండలీకరణాలు సరిగా మూతపడ్డాయో లేదో తేల్చలేదు. ముందు వచ్చిన భాగమే మళ్ళీ వచ్చిందా అని పోల్చే సౌకర్యాన్ని తరువాతి భాషలు చేర్చాయి, కాని అది క్లేనీ గీసిన గీతకు ఆవలిది. దారులన్నిటినీ ఒకేసారి పరిశీలించే థాంప్సన్ పద్ధతికి బదులు, పెర్ల్, పైథాన్ వంటి భాషలు ఒక దారి తప్పయితే వెనక్కి వచ్చి మరొక దారి పట్టే పద్ధతిని అనుసరిస్తాయి. అందువలన కొన్ని నమూనాలకు విపరీతమైన సమయం పడుతుంది.

తెలుగు పేర్ల విషయంలో మరొక చిక్కు ఉంది. మూడక్షరాల పేర్ల కోసం మూడు చుక్కలతో ^...$ అని వ్రాస్తే కమల వస్తుంది, రాధిక రాదు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడి సంకేతాలు కావడమే దీనికి కారణం. ఆ లెక్కన రాధికలో అయిదు సంకేతాలు, శ్రీ అనే ఒక్క అక్షరంలో నాలుగు సంకేతాలు ఉంటాయి. క్లేనీ సిద్ధాంతం సంకేతాల వరుసను గురించి మాత్రమే చెబుతుంది. సంకేతమంటే ఏమిటో నిర్ణయించుకోవలసినది వాడేవారే.

గ్రంథాలు, పురస్కారాలు

1952లో వెలువడిన ఇంట్రడక్షన్ టు మెటామ్యాథమెటిక్స్ తర్కశాస్త్ర విద్యార్థులకు దశాబ్దాల పాటు ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. 1967లో మ్యాథమెటికల్ లాజిక్ వెలువడింది. క్లేనీకి 1983లో అమెరికన్ గణిత సంఘం స్టీల్ బహుమతి, 1990లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించాయి. ఈయన శిష్యులలో యియానిస్ మోస్కోవాకిస్, రాబర్ట్ కాన్‌స్టబుల్ పేరెన్నిక గన్నవారు.

వ్యక్తిగత జీవితం

క్లేనీ 1942లో నాన్సీ ఎలియట్‌ను వివాహమాడాడు. వారికి నలుగురు సంతానం. 1970లో ఆమె మరణించగా, 1978లో జీన్ డాన్‌ను వివాహం చేసుకున్నాడు. కొండలెక్కడం, ప్రకృతి పరిశీలన ఈయనకు ఇష్టమైన వ్యాపకాలు. పర్యావరణ పరిరక్షణ పట్ల కూడా శ్రద్ధ వహించేవాడు. 1994 జనవరి 25న, 85 ఏళ్ళ వయసులో, మాడిసన్‌లో మరణించాడు. అప్పటికే ఈయన నక్షత్రం ప్రపంచమంతటా ప్రోగ్రామర్ల నిత్య వాడుకలో భాగమైపోయింది. వారిలో చాలామందికి అది ఎవరి పేరు మీద ఉన్నదో తెలియదు.