డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

బాన్సువాడకు చేరువనున్న నస్రుల్లాబాదు నేడు కామారెడ్డి జిల్లాలోనిది. 2016వ సంవత్సరమునకు పూర్వము ఆ ప్రాంతమంతయు నిజామాబాదు జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లాలోనే, నిజామాబాదు పట్టణమునకు కొలది దూరమున డిచ్‌పల్లి యను గ్రామము కలదు. నూరేండ్లకు పూర్వము ఎందరో కుష్ఠురోగులు ఆ గ్రామమును వెదకికొనుచు వచ్చెడివారు. వారిలో పెక్కుమందిని బంధువులు విడనాడిరి. ఊరివారు దరికి రానీయరైరి. అట్టివారికి ఆశ్రయమిచ్చి చికిత్స చేసిన వైద్యురాలు ఇసబెల్ కెర్.

ఈమె 1875వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ కాలమున అబర్డీన్ విశ్వవిద్యాలయమున చదివి, 1903లో వైద్యపట్టమును పొందెను. క్రైస్తవ మతబోధకుడగు జార్జి కెర్ ఈమె భర్త. 1907లో ఆ దంపతులు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. ఇసబెల్ నిజామాబాదులో వైద్యము చేయసాగెను.

కుష్ఠువు మిగిలిన రోగముల వంటిది కాదు. అది సోకినవారి చేతులు, కాళ్లు స్పర్శజ్ఞానమును కోల్పోవును. నిప్పు సోకినను, ముల్లు గ్రుచ్చుకొన్నను నొప్పి తెలియదు. తెలియని గాయము పుండై, తుదకు వ్రేళ్లకే చేటు తెచ్చును. ఈ రోగమునకు కారణము ఒక సూక్ష్మజీవియని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొనెను. అయినను అది పూర్వజన్మ పాపఫలమని లోకులు తలచుచుండిరి. వెలికి వెరచి రోగులు మచ్చలను దాచుకొనుచుండిరి. దాచినకొలది రోగము ముదురుచుండెను. కావున వైద్యునికి మొదటి పని మందిచ్చుట కాదు. రోగి నోరు విప్పి తన బాధను చెప్పుకొనునట్లు చేయుట.

ఈ రోగులకు ఆ ప్రాంతమున తగిన చికిత్స లేకుండుట చూచి ఇసబెల్ మనస్సు కలతపడెను. 1911 నుండి ఆమె వారికొక ఆలయము వంటి వైద్యశాలను నెలకొల్పుటకై ధనము ప్రోగుచేయ నారంభించెను. హిందువైన రాజా నర్సాగౌడ్ ఉదారముగ విరాళమొసగెను. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా వైద్యశాల వెలసెను. మతము వేరైనను, దేశము వేరైనను, దయకు భేదము లేదని ఆ భవనములే చాటినవి. జార్జి కెర్ భార్యకు కుడిభుజమై నిలిచెను.

ఆనాడు కుష్ఠువునకు వాడుకలోనున్న ఔషధము చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. త్రాగినచో అది కడుపులో త్రిప్పును. 1920 తరువాత దానిని సూదిమందుగ నిచ్చు పద్ధతి ప్రబలెను. ఇసబెల్ దానిని డిచ్‌పల్లిలో వినియోగించెను. ఆ సూది మిక్కిలి బాధ గొలుపునది. దానిని పదేపదే, నెలల తరబడి పొందవలెను. పైగా అది అందరికిని నిశ్చయముగ స్వస్థత నీయజాలదు. అట్టి చికిత్సకు రోగి ఓర్పుతో నిలువవలెనన్న, వైద్యునిపై నమ్మకము ఉండవలెను. లేని ఆశను కల్పించినచో ఆ నమ్మకము కొలదినాళ్లలో కూలును. నిరాశను పలికినచో రోగి నాడే వెడలిపోవును. నిజమును మృదువుగ తెలుపుట, తాకుటకు జంకకుండుట, కాళ్లను చేతులను నిత్యము పరీక్షించుకొను విధమును ఓపికతో నేర్పుట, ఇవియు ఆ చికిత్సలోని భాగములే.

కెర్ దంపతుల సేవను గుర్తించి ప్రభుత్వము 1923లో వారికి కైసర్-ఇ-హింద్ పతకము నొసగెను. 1932లో ఇసబెల్ దివంగతురాలయ్యెను.

తరువాత 1940లలో డాప్సోన్ అను ఔషధము, 1980లలో పలు మందులను కలిపి ఇచ్చు చికిత్స వచ్చినవి. నేడు కుష్ఠువు పూర్తిగ నయమగు రోగము. ఆ నూనె సూదిమందు వాడుక నుండి తొలగినది. కాని మచ్చను చూచి భయపడి దాచుకొనువారు నేటికిని కలరు. వారికి మందు చేరవలెనన్న ముందుగ ఒక మంచిమాట చేరవలెను. వైద్యులుగను, నర్సులుగను కాగోరు బాలబాలికలు డిచ్‌పల్లి వైద్యురాలి జీవితము నుండి గ్రహింపవలసినది ఇదియే.