వలస వచ్చిన మేష్టారి లెక్క

పనిలో తలకు గట్టి దెబ్బ తగిలితే చాలా దేశాల్లో మనల్ని ముందు సీటీ స్కాన్‌కే పంపుతారు. దాని వెనకున్న లెక్క తేల్చిన అలన్ కార్మాక్ కూడా మనలాగే సొంతగడ్డ వదిలి వచ్చినవారే.

1924లో జొహానెస్‌బర్గ్‌లో పుట్టి, కేప్‌టౌన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవారు. 1956లో అక్కడి గ్రూట్ షూర్ ఆస్పత్రిలో కొన్నాళ్లు పార్ట్‌టైమ్ చేశారు. మామూలు ఎక్స్‌రేలో ఎముకా, కండా ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. అదే అన్ని వైపుల నుంచీ కిరణాలు పంపి, బయటికొచ్చినవాటిని కొలిచి లెక్క కడితే, ఒళ్లు కోయకుండానే లోపలి బొమ్మ గీయొచ్చని ఆయనకు తట్టింది.

1957లో అమెరికా వచ్చి మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీలో చేరారు. 1963, 1964లలో ఆ లెక్కను అచ్చు వేయిస్తే పట్టించుకున్న నాథుడే లేడు. ఇంగ్లండ్‌లో హౌన్స్‌ఫీల్డ్ విడిగా తయారుచేసిన యంత్రంతో 1971లో మొదటి రోగికి స్కాన్ తీశారు. 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. అప్పటికి కార్మాక్‌కు పీహెచ్‌డీ కూడా లేదు! 1998లో మసాచుసెట్స్‌లోనే కన్నుమూశారు.

పరాయిగడ్డ మీద మన కష్టం ఎవరికీ కనిపించట్లేదని దిగులేసినప్పుడు ఈ మేష్టారిని ఓసారి తలుచుకుందాం.