వార్డులో కాఫీ కొట్టు పెట్టించిన డాక్టర్

ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేదంటే మందుల గురించి అడుగుతాం. పని దొరుకుతోందా, అప్పులున్నాయా, నలుగురిలో మర్యాద దక్కుతోందా అని మాత్రం అడగం. డాక్టర్ ఫ్రాంజ్ ఫానన్ కూడా మొదట్లో అడగలేదు.

ఆయన 1925లో కరేబియన్ దీవి మార్టినిక్‌లో పుట్టారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో వైద్యం చదివి మానసిక వైద్యుడయ్యారు. 1953లో ఫ్రెంచి పాలన కింద ఉన్న అల్జీరియాకు వెళ్లి, బ్లిడా ఆస్పత్రిలో చేరారు. ఆయనకు అప్పగించిన వార్డుల్లో 165 మంది యూరప్ మహిళలు, 220 మంది ముస్లిం పురుషులు ఉండేవారు. అల్జీరియన్ల మెదడే వెనకబడిందని అక్కడి పేరున్న డాక్టర్లు పాఠాలు చెబుతున్న రోజులవి.

రోగుల్ని ఊరికే కూర్చోబెట్టకుండా నలుగురితో కలపాలన్నది ఫానన్ పద్ధతి. మహిళల వార్డులో సమావేశాలు, సినిమాలు, పండుగలు, సొంతంగా ఓ పత్రిక మొదలుపెట్టించారు. కొద్ది నెలల్లోనే వార్డు కళ మారింది. పురుషుల వార్డులో అవే చేస్తే ఎవరిలోనూ చలనం లేదు.

తప్పు రోగులది కాదు, తనదేనని ఆయన ఒప్పుకున్నారు. డాక్టర్లలో అంత తేలిగ్గా ఒప్పుకునేవారు అరుదు! ఆ మగవాళ్లలో చాలామంది సాగుభూములు వలసదారుల పాలై, కూలీలుగా మారిన పల్లె జనం. ఫానన్‌కు వాళ్ల భాష రాదు. మధ్యలో దుబాసీ కావాలి. వాళ్లకేమో దుబాసీ అంటే కోర్టు, సర్కారు కచేరీయే గుర్తొచ్చేవి. ఇక మనసు విప్పేదెలా?

అందుకే వార్డులో వాళ్ల ఊళ్లలో ఉండేలాంటి కాఫీ కొట్టు పెట్టించారు. ముస్లిం పండుగలు జరిపించారు. కథలు చెప్పేవాళ్లను పిలిపించారు.

1954లో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. చిత్రహింసలు పడ్డవాళ్లూ, వాటిని పెట్టి నిద్ర పట్టని పోలీసులూ ఆయన దగ్గరికే వచ్చారు. సొంత గడ్డ మీదే మనిషిని పరాయివాణ్ని చేస్తుంటే ఆస్పత్రి ఏం నయం చేయగలదంటూ 1956లో రాజీనామా రాశారు. ప్రభుత్వం ఆయన్ను దేశం నుంచి బహిష్కరించింది. తర్వాత ట్యునిస్‌లో, రోగులు పగలు చికిత్స తీసుకుని సాయంత్రం ఇంటికెళ్లే ఆస్పత్రి నడిపారు. రోగిని ఇంటికీ ఊరికీ దూరం చేసి నయం చేయడంపై ఆయనకు నమ్మకం పోయింది.

1961 డిసెంబరులో రక్తక్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి 36 ఏళ్లే. బ్లిడా ఆస్పత్రికి ఇప్పుడు ఆయన పేరే.