రాయి తీసే చేతికి చదువు నేర్పిన జహ్రావీ

అబుల్ ఖాసిం అల్ జహ్రావీ పదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబా సమీపాన జన్మించారు. ఆయన రచించిన ‘అత్తస్రీఫ్’ గ్రంథం 30 భాగాలు. చివరి భాగం శస్త్రచికిత్స గురించినది. పనిముట్ల బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని సన్నని బరమాతో మెల్లగా తొలిచి పొడిచేసే విధానాన్ని వివరించారు.

ఒక వృద్ధుని మూత్రాశయంలో పెద్ద రాయి ఏర్పడింది. కబురందుకుని వెళ్లిన జహ్రావీ రాయి పరిమాణాన్ని, రోగి స్థితిని చూసి, అతను బతకడని గ్రహించారు. మరో వైద్యుడు తొందరపడి కోశాడు. రాయితోపాటు మూత్రాశయం ముక్క ఊడివచ్చింది. దాదాపు మూడు రోజుల్లో ఆ వృద్ధుడు మరణించాడు. జహ్రావీ ఈ సంఘటనను గ్రంథస్థం చేసి, శరీర నిర్మాణం తెలియనివారు కత్తి పట్టరాదని శిష్యులను హెచ్చరించారు.

12వ శతాబ్దంలో ఈ భాగం లాటిన్‌లోకి అనువాదమై, యూరప్ వైద్యులకు పాఠ్యగ్రంథమైంది.

పాన్‌గల్ ఎండల్లో పనిచేస్తూ నీళ్లు తక్కువ తాగేవారికి ఈ రాళ్ల బాధ రావచ్చు. అప్పుడు శిక్షణ పొందిన డాక్టరునే ఆశ్రయించాలి.